రాళ్ల మీద విత్తనాలు చల్లిన రైతు

మొన్న కోదాడ నుంచి మిర్యాలగూడలోని మా పెద్దమ్మాయి ఇంటికి బస్సులో వెళ్తుంటే, గరిడేపల్లి దాటాక రోడ్డు పక్క పొలంలో ఒకతను బురదలో నడుస్తూ మొలకెత్తిన వడ్లను గుప్పెళ్లతో వెదజల్లుతూ కనిపించాడు. నాట్లకు కూలీలు దొరక్క ఈమధ్య చాలామంది ఇలాగే చేస్తున్నారట. నాకు నవ్వు ఆగలేదు. పక్క సీట్లో నోరు తెరుచుకుని నిద్రపోతున్న మా ఆయన్ను మోచేత్తో పొడిచి లేపితే, ఆయన కిటికీలోంచి చూసి తనూ నవ్వడం మొదలుపెట్టారు. కండక్టరు మా ఇద్దర్నీ ఎగాదిగా చూసి, పెద్దవాళ్లు కదా పోనీలే అన్నట్టు ఊరుకున్నాడు.

నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో కాలువ కింద ఊళ్లలో వరి అంటే నారు పోయడం, నారు పీకడం, నాటు వేయడమే. విత్తనాన్ని ఎక్కడంటే అక్కడ చల్లేవాణ్ణి చూస్తే జనం జాలిపడేవాళ్లు. అలాంటి రోజుల్లో గరిడేపల్లికి దగ్గరలోని ఒక పల్లెకు మా ఆయన కొత్త పాస్టరుగా వెళ్లారు. నేనేమో ఆంధ్ర యాస కలిసే కోదాడ పిల్లని, కొత్త కోడల్ని. నేను ‘వస్తున్నానండీ’ అంటే చాలు, అక్కడి ఆడవాళ్లు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లు. మాకు తోడుగా చివ్వెంల వైపు నుంచి మా అత్తగారు వచ్చి ఉన్నారు.

సంఘానికి పెద్ద ఒక మోతుబరి రైతు. బస్తా విప్పినప్పుడు కింద రాలిన గింజల్ని కూడా వంగి ఏరుకునేంత జాగ్రత్త మనిషి. నాట్లు అయ్యేదాకా చూస్తామనీ, అప్పటికీ జనం మెచ్చకపోతే వేరే పాస్టరును పంపమని పైవాళ్లను అడుగుతామనీ ఆయన మొదటి రోజే మొహమాటం లేకుండా చెప్పేశాడు. జనం మెచ్చే సూచనలు మాత్రం కనిపించలేదు. మా ఆయన బైబిలు కళాశాలలో నేర్చుకున్నట్టుగా మొదటి అంశం, రెండో అంశం, మళ్లీ వాటిలో ఉపాంశాలు అంటూ చెప్పుకుపోయేవారు. వారమంతా బురదలో వంగి పనిచేసిన మనుషులు రెండో అంశానికల్లా గోడకు ఆనుకుని కళ్లు మూసేవాళ్లు. పాస్టరమ్మను కాబట్టి నేను మాత్రం కళ్లు తెరుచుకుని నిద్రపోవడం నేర్చుకున్నాను.

చివరికి మా అత్తగారే ఉండబట్టలేక, “పెద్ద పెద్ద మాటలు నీకెందుకురా? ఏసయ్య చెప్పిన కథలే చెప్పరాదా!” అని కొడుకును కసిరారు. ఆ ఆదివారం ఆయన, విత్తువాడు విత్తుటకు బయలుదేరాడని మొదలుపెట్టి, కొన్ని గింజలు దారి మీద పడ్డాయి, కొన్ని రాతినేల మీద పడ్డాయి అనేసరికి సంఘపెద్ద లేచి నిలబడ్డాడు.

“జర ఆగుండ్రి అయ్యగారూ! గాయనేం రైతు? బాట మీద సల్లుడేంది, రాళ్ల మీద సల్లుడేంది? ఇత్తనాలు ఊకనే వస్తయా?”

ఇంకేముంది, చర్చి అంతా గొల్లుమంది. మగవాళ్ల వైపు నుంచి ఒకరు ఆ రైతు తాగి ఉంటాడన్నారు, ఆడవాళ్ల వైపు నుంచి ఒకామె ఇంట్లో పెళ్లాం మాట వినని బాపతు అంది. ముగింపు ప్రార్థన ఎవరికీ వినపడలేదు. మా ఆయన ఇంటికొచ్చి అన్నం ముట్టుకోలేదు. నేనైతే ఇక గిన్నెలు సర్దుకోవడమే తరువాయి అనుకున్నాను.

వారమంతా ఆలోచించి, మరుసటి ఆదివారం ఆయన కథను ఆ ఊరికి తగ్గట్టు బాగుచేసి చెప్పారు. ఈసారి రైతు వడ్లు నానబెట్టాడు, గోనెసంచిలో మొలక కట్టాడు, నారుమడి చదును చేసి ఒక్క గింజ కూడా వృథా కాకుండా పోశాడు. అందరూ మెచ్చుకోలుగా తలలు ఊపారు, ఆ ఊపులోనే నిద్రపోయారు. సంఘపెద్ద గురక ఆడవాళ్ల వైపుకి కూడా వినిపించింది.

ఆ సాయంత్రం సంఘపెద్ద మా ఇంటికి వచ్చాడు. పొమ్మని చెప్పడానికే వచ్చాడనుకుని నేను తలుపు వెనకే నిలబడిపోయాను.

“ఈ వారం మీ రైతు మంచోడే అయ్యగారూ, నాకు సుఖంగ నిద్రపట్టింది,” అన్నాడు. “పోయిన వారం ఆ పిచ్చోడైతే నన్ను పండనియ్యలే. రాళ్ల మీద గూడ ఎందుకు సల్లిండని వారమంత ఆయనతోని కొట్లాడిన. నేనైతే ఈడ ఏం మొలవదని మా తమ్మునితోని ఏండ్ల కిందనే మాటలు బందువెట్టిన. గా పిచ్చోనికున్న గుండె నాకెందుకు లేదనిపించింది. నిన్న పోయి పలకరించిన.”

“ఏమన్నడు మరి?” మా అత్తగారు ఆత్రంగా అడిగారు.

“ఏమంటడు, చాయ్ పోయించిండు. ఇద్దరం ఏడ్సినం.” కళ్లు తుడుచుకుని, లేచి వెళ్తూ మా ఆయన వైపు తిరిగాడు. “మీరు ఈడనే ఉండుండ్రి. గాని ఆ పిచ్చోన్ని మాత్రం బాగుచెయ్యకుండ్రి.”

ఆ రోజు మా ముగ్గురి సంతోషం ఇంతా అంతా కాదు. ప్రభువు ఎందుకు కథలుగా చెప్పాడో మా ఆయనకు అప్పుడే బోధపడిందని నా నమ్మకం. నీ గుండె బండ అని ఎదురుగా అంటే ఆ పెద్దాయన మమ్మల్ని ఆ పూటే సాగనంపేవాడు. ఎవరో రైతు తప్పు పట్టుకుందామని కథలోకి దిగాడు, అక్కడ తన తమ్ముడు కనబడ్డాడు. మేము ఆ ఊళ్లో చాలా ఏళ్లు ఉన్నాం, ఆ అన్నదమ్ములు పక్కపక్కన కూర్చుని గట్టిగా పాడే పాటలు వింటూ.

ఇప్పుడు మిర్యాలగూడలో అమ్మాయి వాళ్ల చర్చికి వెళ్తే కథ, దాని కింద అర్థం, రెండూ తెర మీద కనిపిస్తాయి. పాస్టరు బాబు చాలా మంచివాడు, ఓపిగ్గా విడమరిచి చెబుతాడు, అందరూ ఫోన్లతో ఫొటోలు తీసుకుంటారు. మధ్యలో లేచి నిలబడేవాళ్లు లేరు, ఎవరి మీదా ఎవరికీ కోపం రాదు. నేను కూడా అంతా విని, అర్థం చేసుకుని, బాగుందనుకుంటాను. కానీ ఇంత చక్కగా అర్థమైపోతే, ఆ పెద్దాయన తమ్ముడి గడప తొక్కేవాడా అని ఇంటికొచ్చే దారంతా ఆలోచిస్తూనే ఉంటాను.