నాటాలు వెళ్ళిన బొంత

సికింద్రాబాదులో మన క్రైస్తవ సంఘం గొప్పలు చెప్పమంటే ఎవరైనా ముందు గుడిగంట సంగతి ఎత్తుకుంటారు. ఆ తర్వాత, సముద్రం దాటి ఆఫ్రికాలోని నాటాలు దేశంలో చెరుకు తోటల్లో పనిచేసే తెలుగు కూలీల దగ్గరకు బోధకుడు జీవరాజు గారిని పంపిన సంగతి చెబుతారు. ఇంటింటా ఎసట్లో బియ్యం పోసే ముందు పిడికెడు తీసి పక్కన పెట్టి, ఆ పిడికిళ్ళతోనే ఒక మనిషిని అంత దూరాన నిలబెట్టిన సంఘం ఈ చుట్టుపక్కల ఇంకొకటి లేదు. అది నిజమే. అయితే ఆ పిడికిళ్ళ పక్కన చెప్పుకోవలసిన పేరు ఒకటుంది. అది కాంతమణి పేరు.

కాంతమణి ఒంగోలు వైపు మనిషి. భర్త పోయిన రెండేళ్ళకు మారేడ్‌పల్లిలో ఒక గది చూసుకుని బైబిలు స్త్రీ పనిలో చేరింది. గడప గడపకూ తిరిగి ఆడవాళ్ళకు వాక్యం చదివి వినిపించడం ఆ పని. ఎవరికైనా జ్వరమొస్తే ప్రార్థన చేసి కషాయం కాచేదీ, అక్షరాలు కావాలన్నవాళ్ళకు పలక మీద దిద్దించేదీ ఆమే. తెల్లచీర, నల్లగొడుగు, భుజాన గుడ్డసంచి. ప్రతి గురువారం సీతాఫల్‌మండికి నడిచి వెళ్ళి నడిచి వచ్చేది. పదేళ్ళలో ఒక్క గురువారం మానలేదు. అంతకు ముందు దొరసానులు మూడేళ్ళు తిరిగితే అక్కడ తెరుచుకున్న గడపలు రెండు. కాంతమణి తెరిపించినవి పద్దెనిమిది.

ఎలా తెరిపించిందో మాత్రం చాలామందికి తెలియదు. మొదట్లో ఆడవాళ్ళు మర్యాదకు పీట వేసేవారు. ఆమె వాక్యం చదువుతుంటే వాళ్ళు బియ్యంలో రాళ్ళు ఏరుకునేవారు. ఒకనాడు రైల్వే గూడ్సు షెడ్డులో పనిచేసే జంగయ్య భార్య పుష్పమ్మ కళ్ళు, వాక్యం మీద కాక, సంచిలోంచి తొంగిచూస్తున్న నీలం కవరు మీద పడ్డాయి.

"గదేం కాయితం, పంతులమ్మా?"

"నాటాలు నుంచి మా బోధకుడు రాసిన ఉత్తరం, అక్కా. ఆదివారం గుళ్ళో చదివారు."

"జెర సదువు. ఏమని రాసిండో ఇందం."

చదివింది. చెరుకు ఆకు అంచుకు చేతులు కోసుకుపోయే ఆడవాళ్ళ సంగతులున్నాయి అందులో. మనకు ఎండలు మండే రోజుల్లో అక్కడ చలి ముదురుతుందని కూడా ఉంది. పుష్పమ్మ చేట పక్కన పెట్టింది.

"మనకు ఎండలుంటే వాళ్ళకు సలా? గదెట్ల?"

"భూమి గుండ్రం కదక్కా."

"గుండ్రముంటే ఉండనీ. సలి యాడికెళ్ళి వస్తది?"

కాంతమణికి సరిగ్గా తెలియదు. తెలియదని చెప్పి, పాస్టరు జ్ఞానశేఖర్ గారిని అడిగి, మరుసటి గురువారం సంచిలో ఒక బత్తాయిపండు పెట్టుకుని వచ్చింది. దీపం చుట్టూ బత్తాయి తిప్పి చూపిస్తుంటే పక్కింటి నుంచి పెరుగమ్మే విమలమ్మ వచ్చి కూర్చుంది. ఆమె వెనక మరో ఇద్దరు. ఆ రోజు నుంచి సీతాఫల్‌మండి ఆడవాళ్ళు కాంతమణి కోసం కాదు, నాటాలు ఉత్తరం కోసం ఎదురుచూడటం మొదలుపెట్టారు. ఉత్తరం ముందు, వాక్యం తర్వాత. కాంతమణి దానికి ఒప్పుకుంది. వాక్యం మొదలుపెట్టాక ఎవరూ లేచిపోలేదు మరి.

జీవరాజు గారికి ఒక అలవాటుంది. కాగితం రెండువైపులా నిండగానే, సంగతి ఎక్కడుంటే అక్కడే ఆపి, "మిగిలింది వచ్చే ఉత్తరంలో" అని సంతకం పెడతారు. పందొమ్మిది వందల నలభై ఎనిమిది మార్చిలో వచ్చిన ఉత్తరంలో ఆయన అనసూయమ్మ అనే కూలీ మనిషి గురించి రాశారు. తాతల కాలంలోనే వెళ్ళిన కుటుంబం. నెలలు నిండుతున్నాయి, విడవని జ్వరం, మొగుడు గనుల్లో పనికని పోయి తిరిగి రాలేదు. "నిన్న ఆమె మంచం దగ్గర కూర్చున్నాను. మిగిలింది వచ్చే ఉత్తరంలో."

సికింద్రాబాదు ఆడవాళ్ళు ఆమె సంగతి అడుగుతున్నారని కాంతమణి ఆ నెలలోనే జవాబు రాసి పంపింది. వచ్చే ఉత్తరం రాలేదు. నిజాం సంస్థానానికీ ఇండియాకూ మధ్య దారులు బిగుసుకున్నాయి. ఉప్పు, కిరసనాయిలు, మందులు దొరకడం కష్టమైంది. సముద్రం అవతలి ఉత్తరాల మాట ఇక చెప్పేదేముంది.

"ఉత్తరమొచ్చిందా, పంతులమ్మా?"

"రాలేదక్కా."

"గా పిల్ల కాన్పు ఏమైనట్టు?"

"తెలియదక్కా."

జంగయ్య బయట బీడీ కాలుస్తూ అనేవాడు, "రజాకార్లొస్తున్నరంటే భయపడదు. నాటాలు ఉత్తరం రాలేదంటే పరేషానైతది. గిట్లాంటి పెండ్లాన్ని నేనెక్కడ సూడలే."

జూలై వచ్చేసరికి కొత్తవాళ్ళను చూస్తేనే తలుపులు వేసుకునే రోజులొచ్చాయి. పద్దెనిమిది గడపల్లో ఆరు మూసుకున్నాయి. చివరికి పుష్పమ్మే అంది, "బజార్ల తిరిగే రోజులా ఇవి? ఉత్తరమొచ్చినాకనే రా, పంతులమ్మా."

కోపంతో అన్నది కాదు. అయినా కాంతమణికి ఆ మాట గుండెలో దిగింది. ఒకసారి మూసుకున్న గడప మళ్ళీ తెరుచుకోవడానికి ఎన్నేళ్ళు పడుతుందో ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఆ వారం గదిలో కూర్చుని, జీవరాజు గారి మాటతీరులోనే, ఒక ఉత్తరం రాసింది. అనసూయమ్మకు జ్వరం తగ్గిందని, ఆడపిల్ల పుట్టిందని, దేవకృప అని పేరు పెట్టామని. చలి ఎక్కువగా ఉంది, కప్పడానికి ఏమీ లేక పిల్లను గోనెసంచిలో చుట్టారని. గోనెసంచి ఎందుకు రాసిందో ఆమెకే తెలియదు. కలం నడుస్తోంది, రాసేసింది. పాత నీలం కవరులో పెట్టి పన్నెండు ఇళ్ళల్లో చదివింది.

ఆ గోనెసంచే ముంచింది. మరుసటి గురువారం వెళ్ళేసరికి పుష్పమ్మ వాకిట్లో పాతచీరలు కుప్పగా ఉన్నాయి. ఇంటికొక ముక్క చొప్పున పన్నెండు ఇళ్ళ చీరలు. పుష్పమ్మ దబ్బనంలో దారం ఎక్కిస్తోంది.

"ఏంటక్కా ఇది?"

"బొంత. పసిపిల్లను సంచిల సుడతరా ఎవరన్న? దారులు తెరిస్తే పంపుదం. గిది నా పెండ్లి చీర, సూడు. ఆకుపచ్చది విమలమ్మది."

కాంతమణి ఆకుపచ్చ ముక్కను చేత్తో తడిమింది. పీట మీద కూర్చుంది.

ఆగస్టు అంతా బొంత పెరిగింది. సెప్టెంబరులో ఇండియా సైన్యం కదిలిందన్నారు. ఆ గురువారం పైన విమానాలు తిరుగుతున్నాయి, బజారంతా మూసి ఉంది. అయినా కాంతమణి గొడుగు పట్టుకుని బయల్దేరింది. నిజం చెప్పేద్దామనే బయల్దేరింది. తలుపు తీసిన జంగయ్య ఆమెను చూసి తల కొట్టుకున్నాడు.

"నీకు దిమాక్ ఉన్నదా, పంతులమ్మా? గియ్యాల సుత వచ్చినవా? లోపలికి రా. ఇగ ఇక్కణ్ణించి కదిలేది లేదు."

లోపల నలుగురు ఆడవాళ్ళు బొంత చుట్టూ కూర్చుని అంచు కుడుతున్నారు. విమానం దగ్గరకు వచ్చినప్పుడల్లా నాలుగు దబ్బనాలూ ఆగేవి, అది దూరమవగానే మళ్ళీ కదిలేవి. విమలమ్మ తల ఎత్తకుండానే అడిగింది, "పంతులమ్మా, గా ఉత్తరం ఇంకొక్కపారి సదువు. పిల్ల పుట్టిన కాడికెళ్ళి."

నిజం నాలుక చివరనే ఉంది. కానీ ఆ ముఖాలు చూసింది. ఆ గదిలో వాళ్ళు పట్టుకుని కూర్చున్నది ఆ ఒక్క పసిపిల్లనే. కాంతమణి కవరు తీసి చదివింది. రెండోసారి చదివింది. శనివారం దాకా అక్కడే ఉండి, మొత్తం ఏడుసార్లు చదివింది. ఏడోసారికి ఆమె గొంతు బొంగురుపోతే, పాపం అలిసిపోయిందని పుష్పమ్మ మంచినీళ్ళు ఇచ్చింది.

దారులు తెరుచుకున్నాయి. అక్టోబరులో ఒక ఆదివారం జీవరాజు గారి ఉత్తరాలు మూడు ఒక్కసారే వచ్చాయి. జ్ఞానశేఖర్ గారు గుళ్ళో చదువుతుంటే కాంతమణి స్తంభం పట్టుకుని నిలబడింది. అనసూయమ్మ బతికింది. బిడ్డ బతకలేదు. అది ఏప్రిల్ మాట.

ఆరాధన అయ్యాక పాస్టరు గారి దగ్గరకు వెళ్ళి ఉన్నదంతా చెప్పింది. ఆయన కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టారు.

"ఎన్ని రాశారు?"

"ఒక్కటే, అయ్యగారూ."

"ఎన్ని ఇళ్ళల్లో చదివారు?"

"పన్నెండు."

"మీ పని ఉంటుందో పోతుందో పెద్దలు కూర్చుని చెబుతారు. అంతకు ముందు ఆ గడపలకు వెళ్ళి చెప్పి రండి. పుష్పమ్మ గారు మిమ్మల్ని రానివ్వకపోతే, ఇక్కడ మేం ఉంచుకుని ఏం చేస్తాం?" అంటూ మూడు ఉత్తరాలూ ఆమె చేతిలో పెట్టారు.

గురువారం పుష్పమ్మ ఇంటికి వెళ్ళింది. విమలమ్మతో పాటు ఆడవాళ్ళంతా అక్కడే ఉన్నారు. బొంత మడతపెట్టి, తాడు కట్టి, సిద్ధంగా ఉంది. కాంతమణి పీట మీద కూర్చోలేదు. గడప బయటే నిలబడి చెప్పింది. పిల్ల లేదని. తానే రాశానని. అసలు పిల్ల పుట్టగానే పోయిందని.

పుష్పమ్మ బొంతను ఒళ్ళోకి తీసుకుంది. విమలమ్మే ముందు తేరుకుంది.

"అంటే గోనెసంచి సుత అబద్ధమేనా?"

"అబద్ధమే, అక్కా."

"నేను నాలుగు దినాలు నిద్రబోలే, గా సంచి తలుసుకొని."

"నా పెండ్లి చీర చింపిన," అంది పుష్పమ్మ. మెల్లగానే అంది. "ఇరవై ఏండ్ల సంది దాసుకున్న చీర. లేని పిల్ల కోసం చింపిన."

కాంతమణి తల వంచుకుని గొడుగు తీసుకుంది. రెండు అడుగులు వేసింది. వెనక నుంచి విమలమ్మ గొంతు వినిపించింది. "ఆగు, పంతులమ్మా. మరి గా అనసూయమ్మ ఎట్లున్నది? దాని సంగతన్న నిజం ఉత్తరాలల్ల ఉన్నదా, లేదా?"

పుష్పమ్మ విమలమ్మ వంక కొరకొర చూసింది. కానీ ఆమె చేతులు బొంత మీద ఆగిపోయాయి. ఆమెకూ తెలుసుకోవాలనే ఉంది.

"సదువు," అంది చివరికి. "గడప బయటనే నిలవడి సదువు."

నిలబడే చదివింది. మొదటి ఉత్తరంలో అనసూయమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది, ఎవరితోనూ మాట్లాడలేదు. రెండో దాంట్లో కూడా అంతే. మూడో దాంట్లో, సికింద్రాబాదు ఆడవాళ్ళు నీ సంగతి అడుగుతున్నారని జీవరాజు గారు చెప్పగానే ఆమె ఇటు తిరిగిందట. కాంతమణి మార్చిలో పంపిన ఉత్తరం ఎలాగో అక్కడికి చేరింది. "నన్నెందుకు అడుగుతున్నారు? వాళ్ళు ఎవరు?" అందట. తర్వాత రోజుకొక ప్రశ్న. వాళ్ళు పొద్దున్నే ఏం తింటారు? చింతచిగురు పప్పులో వేస్తారని మా అవ్వ చెప్పేది, నిజమా? చిగురు కూడా ముదురాకంత పుల్లగా ఉంటుందా? చలి లేని ఊళ్ళో కూడా బొంతలు కుడతారని అవ్వ అనేది, ఎందుకు?

"మిగిలింది వచ్చే ఉత్తరంలో," అని ముగించింది కాంతమణి.

"గాయన అలవాటు మానడు," అంది విమలమ్మ కళ్ళు తుడుచుకుంటూ.

"సలి లేదని ఎవలు సెప్పిండ్రు దానికి? మాఘంల రమ్మను, తెలుస్తది." పుష్పమ్మ తాడు విప్పింది. బొంత నేల మీద పరిచింది. పసిపిల్ల కొలత. అటు తిరిగి, ఇటు తిరిగి చూసింది. "గిది పెద్ద మనిషికి మోకాళ్ళ కాడికే వస్తది. సుట్టూ ఇంకొక వరస పెట్టాలె."

అందరూ తమ చీరల కోసం లేచారు. పుష్పమ్మ కాంతమణి వైపు చూసి చెయ్యి చాచింది.

"నీది సుత ఒక ముక్క పెట్టు. నువ్వే చింపు."

కాంతమణికి ఉన్నవి మూడు తెల్లచీరలు. కట్టుకున్న దాని కొంగే చింపింది. చింపి, గడప దాటి లోపలికి వచ్చి కూర్చుంది.

ఆ రోజు పుష్పమ్మ ఇంకొక మాట కూడా అంది. "ఇగ నువ్వు సదివితే నేను నమ్మ. కాయితం నా చేతికియ్యి, నేనే సూస్త. అక్షరాలు షురూ చెయ్యి." సీతాఫల్‌మండిలో ఆడవాళ్ళ చదువు అలా మొదలైంది. అక్షరాల మీద మక్కువతో కాదు, పంతులమ్మ మీద అనుమానంతో. మొదటి ఏడే తొమ్మిదిమంది చదవడం నేర్చారు. తర్వాతి పదేళ్ళలో ముప్పై నలుగురు. సంఘం పెద్దలు ఆమె పని తీసెయ్యలేదు. తీసేస్తే ఆ తొమ్మిదిమందీ గుడి వాకిట్లో కూర్చునేవారు, అది వాళ్ళకూ తెలుసు.

బొంత బొంబాయి మీదుగా ఓడెక్కింది. నలభై తొమ్మిది చివర్లో అనసూయమ్మ చెబుతుంటే జీవరాజు గారు రాసిన జవాబు వచ్చింది. కాంతమణి కవరు విప్పకుండానే పుష్పమ్మ చేతికిచ్చింది. పుష్పమ్మ వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చదివింది. బొంత చేరింది. కప్పుకుంటే కాళ్ళు కూడా మూసుకుంటున్నాయి. ఆకుపచ్చ ముక్క మెత్తగా ఉంది. ఎర్రది పెళ్ళి చీరలా ఉంది, ఎవరిదో చెప్పండి. అంచున ఒక తెల్లముక్క ఉంది, అది ఎవరిది?

పుష్పమ్మ తలెత్తి కాంతమణి వైపు చూసింది. "ఏమని రాయాలె? అబద్ధపు ఉత్తరం రాసినామెది అని రాయాల్నా?"

"ఉన్నదున్నట్టు రాయండి, అక్కా."

పుష్పమ్మ పలక పక్కన పెట్టి కాగితం అందుకుంది. నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, ఒక్కొక్క అక్షరమే, చాలాసేపు రాసింది. రెండువైపులా నిండేదాకా రాసింది. చివర్లో ఏమి పెట్టాలో ఆమెకు ఎవరూ చెప్పనక్కర లేకపోయింది.

"మిగిలింది వచ్చే ఉత్తరంలో."