అంతా క్రిస్టల్ క్లియర్

ఎవరేం వివరించినా సగంలోనే కళ్ళజోడు తీసి, "క్రిస్టల్ క్లియర్ సర్!" అనడం హెడ్‌గుమాస్తా గారి ముప్పై ఏళ్ళ నిష్ఠ. విషయం మరీ చిక్కుదైతే "నౌ ఐ గెట్ ది పిక్చర్" అని కూడా అనుగ్రహించి, సీటుకొచ్చాక పక్క గుమాస్తాను, "ఇంతకీ ఏమన్నాడయ్యా?" అని గుసగుసగా అడిగేవారు. మొన్న డాక్టరు ఆయన భార్య రిపోర్టులు ముందేసుకుని ఆపరేషన్ సంగతి చెబుతుంటే, అలవాటు కొద్దీ అదే "క్రిస్టల్ క్లియర్" అనేశారు. డాక్టరు సంతోషించి ఫైలు మూసి, తర్వాతి రోగిని పిలిచాడు. వరండాలో భార్య ఆయన చెయ్యి పట్టుకుని, "నాకొక్క ముక్క బోధపడలేదు. మీకు తెలిసిందిగా, దాచకుండా చెప్పండి. నేను బతుకుతానన్నాడా?" అంది. "ఉండవే, ఒక్క నిమిషం," అంటూ ఆయన డాక్టరు గది తలుపు దాకా వెళ్ళి నిలబడిపోయారు. "అర్థం కాలేదండీ" అన్న చిన్న మాట, ఇన్నేళ్ళలో ఒక్కసారీ వాడకపోవడం వల్ల, గొంతు దాటి రానంది.