నురగ కట్టిన మామిడి రసం

2023 వేసవి చివర. రాజమండ్రిలోని నా ల్యాబ్‌కి పచ్చళ్లు, పళ్లరసాలు, మంచినీళ్లు పరీక్షకు వస్తుంటాయి. రసం పులిస్తే ‘పనికిరాదు’ అని రాసివ్వడమే ఇన్నేళ్లూ నా పని. అలాంటి నాకు ఓ ఉదయం రామరాజు గారు ఫోన్ చేసి, “మేడమ్, మా రసం పులవడం లేదండి, ఒకసారి రావాలి” అన్నారు. నవ్వు ఆపుకోలేకపోయాను.

ఆయన ఆత్రేయపురం దగ్గర తోటలో చిన్న వైనరీ పెట్టారు. ద్రాక్షతో కాదు, మామిడి, సపోటా, అనాసలతో వైన్ చేస్తారు. లైసెన్సు వచ్చాక పోసిన మొదటి మామిడి వైన్ ఇదే. పైగా పళ్ల కాలం అయిపోయింది. ఈ రసం పోతే మళ్లీ ఏడాది ఆగాల్సిందే.

షెడ్డులో స్టీలు డ్రమ్ముల మూతలకు ఎయిర్‌లాక్‌లు ఉన్నాయి. లోపలి గాలిని వదులుతూ బయటి గాలిని రానివ్వని నీళ్ల గొట్టం అది. పులుస్తుంటే అందులో బుడగలు రావాలి. ఒక్కటీ లేదు. చుక్క రసం తీసి, నీలిరంగు కలిపి మైక్రోస్కోప్ కింద చూశాను. తీపిని తిని వైన్‌గా మార్చే సూక్ష్మజీవి ఈస్ట్. అది చచ్చిపోతే ఆ నీలం పట్టుకుంటుంది. కనబడిన కణాలన్నీ నీలమే. రసం వాసన చూశాను. ఉడికిన మామిడి వాసన!

“దీన్ని ఎవరైనా కాచారా?” అన్నాను.

రామరాజు గారు తెల్లబోయారు. రసం తీసే ఆడవాళ్లలోంచి ఒకావిడ ముందుకొచ్చారు. పేరు సుబ్బాయమ్మ. మామిడి తాండ్ర పోయడంలో చేయి తిరిగిన మనిషి, ఆ వేసవిలోనే ఇక్కడ పనికి కుదిరారు.

“నేనేనండి. ఆదివారం అయ్యగారు ఊళ్లో లేరండి. చూద్దును కదా, రసమంతా నురగ కట్టి బుస్సుమంటోందండి. గుండిగల్లో పోసి, ఒక పొంగు రానిచ్చి, చల్లారాక మళ్లీ పోసేశానండి. చెడిపోకుండా చూసుకోమన్నారు కదండీ? చూసుకున్నానండి.”

“కొంప ముంచేశావు కదమ్మా! రేపట్నుంచి పనిలోకి రావద్దు” అన్నారు రామరాజు గారు.

ఆవిడ కళ్లనిండా నీళ్లు. “ఇంతవరకూ ఒక్క గిన్నె రసం పాడుచేసి ఎరగనండి” అన్నారు. నాకు ఒళ్లు మండింది, ఆవిడ మీద కాదు.

“రాజు గారూ, ఇది పులవాలని ఆవిడకి చెప్పారా?”

“వైన్ అంటే ఎవరికి తెలీదండీ?”

“తాండ్ర పోసే మనిషికి రసం పులిసిందంటే చెడిపోయినట్టే. రసం కోలుకుంటే ఆవిడ పనిలో ఉంటారు. సరేనా?”

ఆయన అయిష్టంగా తలూపారు. రసంలో తీపి అలాగే ఉంది కాబట్టి ఆశ ఉంది. కొత్త ఈస్ట్‌ను గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, ఆవిడ చేతే డ్రమ్ముల్లో కలిపించాను.

“ఇది దోసెల పిండి లాంటిదమ్మా. పొంగాలి, పులవాలి. కాస్త కంగారు పుట్టినా కాయకూడదు.”

“ఆ ముక్క ముందే చెప్తే ఎంత బాగుండేదండీ” అన్నారు కళ్లు తుడుచుకుంటూ. నిజమే కదా, ఎవరూ చెప్పలేదు.

మర్నాడు సాయంత్రం మళ్లీ వెళ్లాను. సుబ్బాయమ్మ గారు డ్రమ్ముకి చెవి ఆనించి కూర్చున్నారు. రామరాజు గారు పైకి లెక్కలేనట్టున్నా, అడుగు తీసి బయట పెట్టలేదు. కాసేపటికి గొట్టంలో ఒక బుడగ లేచింది. దాని వెనకే ఇంకోటి.

“అయ్యగారండీ, పులిసిపోతోందండీ!” అని ఆవిడ కేకపెట్టారు. జీవితమంతా భయపడిన మాటను అంత సంబరంగా అరుస్తుంటే నాకూ కళ్లు చెమర్చాయి.

కాచిన రసం కదా, ఆ వైన్ తేటపడలేదు, మబ్బుగానే మిగిలింది. సుబ్బాయమ్మ గారు పనిలో ఉన్నారు. నురగ రాకపోతే ఇప్పుడు ముందుగా నాకు ఫోన్ చేసేది ఆవిడే. నేను మాత్రం అప్పటి నుంచి ఎక్కడికి వెళ్లినా, సలహా చెప్పే ముందు అక్కడి పనివాళ్లను ఒక మాట అడుగుతాను: “మీ దృష్టిలో చెడిపోవడమంటే ఏంటండి?”