మామ పార్టీకి మగ్గానికింత

ఆ రోజుల్లో రాజకీయ పార్టీ పెట్టాలంటే ఇప్పటిలా కార్లు, కండువాలు, నిలువెత్తు బొమ్మలు అక్కర్లేదు. ఒక కుర్చీ, ఒక బోర్డు, సర్కారు మీద కాస్త కోపం ఉంటే సరిపోయేది. కుర్చీ మా మేనమామ ఇంట్లో ఉంది. మా మగ్గాల వాడ మొత్తానికి అదొక్కటే కుర్చీ. కోపానికి వాడలో ఎవరింట్లోనూ కరువు లేదు. ఇక బోర్డు ఒక్కటే కొత్తగా రాయించాల్సి వచ్చింది. అట్లా అరవైల మొదట్లో, పోచంపల్లికి పక్కనే ఉన్న మా ఊళ్లో పన్నుల తగ్గింపు ప్రజా పార్టీ పుట్టింది. దానికి అధ్యక్షుడు మా మామ, ప్రధాన కార్యదర్శిని నేను. (మిగతా కార్యవర్గం పేర్లు అడగకండి. ఆ సంగతి వాళ్లకే తెలియదు.)

మామ అంటే మా అమ్మకు తమ్ముడు. ఊరంతా ఆయన్ను కానూను మామ, అంటే చట్టాల మామ, అనేది. నిజాం కాలంలో ఉర్దూ బడిలో నాలుగు అక్షరాలు నేర్చుకున్నాడు. ఆ నేర్చుకున్నది ఆయన్ను కుదురుగా నేత నేసుకోనివ్వలేదు. దరఖాస్తులన్నా, కచ్చేరీలన్నా, చట్టాలన్నా చెప్పలేనంత మక్కువ. మగ్గం మీద కూర్చున్నా ధ్యాసంతా హైదరాబాదు అసెంబ్లీలోనే ఉండేది. అక్కడ చర్చ వేడెక్కిన రోజున ఇక్కడ మామ నేసే చీర అంచు వంకర పోయేదని మా అత్త చెప్పుకొని నవ్వేది.

ఆ ఏడు పంచాయతీవాళ్లు వృత్తి పన్ను పెంచి, దాన్ని మగ్గాల లెక్కన వేశారు. వసూలుకు వచ్చిన గుమాస్తాను మామ వాకిట్లోనే నిలబెట్టి అడిగాడు. "మనిషి మీద పన్నేస్తె మనిషి కడతడు. మగ్గం మీదేసినవు గదా, మగ్గాన్నే అడుగు. ఇస్తదేమో సూస్త." గుమాస్తా మగ్గం వైపు ఒకసారి, మామ వైపు ఒకసారి చూసి వెళ్లిపోయాడు. అది చూసి వాడంతా చప్పట్లు కొట్టింది. మామ జీవితంలో అవే మొదటి చప్పట్లు. వాటి రుచి ఆయన్ను వదల్లేదు.

ఆ వారమే గ్రంథాలయంలో పత్రిక తిరగేస్తుంటే 'గుర్తింపు పొందిన పార్టీలు' అన్న మాట ఆయన కంట పడింది. ఇంటికొచ్చి నన్ను కూర్చోబెట్టుకున్నాడు. "గుర్తింపు లేనోడు మాట్లాడితె అది మొర అల్లుడా. గుర్తింపున్న పార్టీ మాట్లాడితె అది డిమాండు. మనం గుర్తింపు తెచ్చుకోవాలె. తెచ్చుకున్నంక ఎవడు పన్నేస్తడో సూద్దాం." గుర్తింపు ఎవరిస్తారు, ఎందుకిస్తారు, ఎప్పుడిస్తారు అన్న సంగతి పత్రికలో ఆ పక్క కాలమ్‌లో ఉండి ఉంటుంది. అక్కడి దాకా మామ చదవలేదు.

నేను అప్పటికి మెట్రిక్ పాసై, ఉద్యోగం లేక, మగ్గం మీద మనసు లేక తిరుగుతున్నాను. కానీ నేను పార్టీలో చేరింది దేశం మీద ప్రేమతో కాదు. మామకు ఒక కూతురుంది. నాకు వరసైన మరదలు. నూలుకు ముళ్లు కట్టి రంగులో ముంచే చిటికి పనిలో వాడలో ఆమెను మించినవాళ్లు లేరు. మాట కూడా అంతే, ఒకసారి ముడి వేసిందంటే విప్పడం ఎవరి తరమూ కాదు. ఆమె ముందు నేను ఏది మాట్లాడినా సగంలో ఆగిపోయేవాణ్ణి. ఈ సంగతి మామకు తెలుసు. రాజకీయ నాయకుడు కదా, తెలిసినదాన్ని వాడుకున్నాడు. "పార్టీకి గుర్తింపు రానీ అల్లుడా, మర్నాడే లగ్గం పెట్టిస్త" అన్నాడు. ఆ విధంగా నా పెండ్లికి ముహూర్తం పెట్టే పని పంతులు చేతిలోంచి జారి ఎన్నికల ఆఫీసు చేతిలో పడింది.

ఇక చూడండి నా దేశసేవ. దరఖాస్తు రాయించడానికి భువనగిరి, ఇవ్వడానికి నల్లగొండ, 'అందిందా' అని అడగడానికి హైదరాబాదు. బస్సు కిరాయిలు, బోర్డు, జెండాలు, కచ్చేరీ బంట్రోతులకు చాయ్‌లు. వీటన్నిటికీ పార్టీకి డబ్బు కావాలి కదా. మా వాడలో ఏ ఖర్చు వచ్చినా, కులపండుగైనా, దిక్కులేనివాడి దహనమైనా, తాతల నాటి నుంచి పద్ధతి ఒక్కటే. మగ్గానికింత అని వేసుకోవడం. అమావాస్యనాడు మేము మగ్గం ముట్టం. ఆ తీరికలో అందరూ కూడినప్పుడు వసూలు అయిపోతుంది. పార్టీ ఖర్చూ అట్లాగే వేశాం. మగ్గం మీద పన్ను పోవాలని పుట్టిన పార్టీ మగ్గానికింత వసూలు చేస్తున్నదన్న సంగతి అధ్యక్షుడికి తట్టలేదు, ప్రధాన కార్యదర్శికి తట్టలేదు, మొదటి అమావాస్యకు ఇచ్చినవాళ్లకూ తట్టలేదు. వేరే విధంగా డబ్బు వసూలు చేయవచ్చని మా వాడలో ఎవరికీ తెలియదు మరి.

రెండో అమావాస్యకు కొందరు గొణిగారు. ఆ తర్వాతి అమావాస్యకు కొందరు మొహం చాటేశారు. దానికీ మా దగ్గర పాత పద్ధతి ఉంది. కులానికి కట్టాల్సింది కట్టనివాడి మగ్గం నుంచి నాడె తీసుకుపోతారు. పడుగు దారాల నడుమ అటూ ఇటూ పరుగెత్తి పేక నూలు పరిచే పనిముట్టు అది. నాడె లేకపోతే మగ్గం మూగపోతుంది. అట్లా నాడె పోయినవాడికి పక్కింటివాడు కూడా తనది ఎరువివ్వడు. మామ పత్రిక మడిచి పక్కన పెట్టి "పార్టీ అంటె క్రమశిక్షణ" అన్నాడు. నేను సంచీ తీసుకొని బయలుదేరాను. ఇంటింటికీ వెళ్లి నాడెలు తెచ్చి మామ ఇంటి ముందుగదిలో, అంటే పార్టీ కేంద్ర కార్యాలయంలో, ఒక మూలకు పోగేశాను. జనం తిడుతుంటే, పెద్ద నాయకులంతా ఇట్లా తిట్లు తినే పైకి వచ్చారని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

చివరికి మా ఇల్లు వచ్చింది. బాపు మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకొని నేస్తున్నాడు. నేను గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకున్నాను.

"బాపూ, పార్టీ చందా..."

"ఏ పార్టీ?" అన్నాడు తలెత్తకుండా.

"మామ పార్టీ."

"పన్నులు తగ్గిస్తమన్నది, గా పార్టీయేనా?"

"అదే."

"పంచాయతీ పన్ను ఏడాదికోపారి. మీ మామది అమాసకోపారి. ముందుగాల మీ మామది తగ్గియ్యమను. ఎన్క సర్కారుది సూద్దాం."

"ఇది పన్ను కాదు బాపూ, చందా. ఇష్టమున్నోళ్లు ఇచ్చేది."

"ఇష్టం లేకుంటె?"

నేను సంచీ వెనక్కి పెట్టుకున్నాను. "నాడె తీస్కపోతం."

"గట్లయితె పన్నే" అన్నాడు బాపు. నేత ఆపి, నాడెలోంచి నూలు కండె తీసి పక్కన పెట్టి, ఉత్త నాడె నా చేతిలో పెట్టాడు. "తీస్కపో. గింత కష్టపడ్తున్నవు, నీ పెండ్లికి అక్కరకొస్తదేమో." పొయ్యి దగ్గరున్న అమ్మ అటు తమ్ముణ్ణీ అనలేక, ఇటు మొగుణ్ణీ అనలేక, అడ్డం వచ్చిన గిన్నెను అంది.

నాడె తీసుకొని మామ ఇంటికి వెళ్లేసరికి మరదలు చిటికి కడుతూ గడప దగ్గర కూర్చుంది. నా చేతిలోది చూడగానే గుర్తుపట్టింది. "గిది మా అత్తోళ్లది గదా బావా?" అంది. "అవును" అన్నాను. "మీ బాపుదే తెచ్చినవా?" అంది. "రూలంటే రూలే, అందరికీ ఒక్కటే" అన్నాను ఛాతీ విరుచుకొని. ఆమె ముందు నేను మొత్తం పలికిన మొట్టమొదటి వాక్యం అదే. ఆమె నా వైపు కొంతసేపు చూసి మళ్లీ నూలు అందుకుంది. ఆ చూపును మెచ్చుకోలు అనుకొని ఆ రోజంతా గాల్లో తేలాను. (మెట్రిక్‌లో చూపులు చదవడం నేర్పరు.)

ఇంతలో మా దరఖాస్తు హైదరాబాదు నుంచి ఏయే బల్లల మీద నిద్ర చేసిందో గానీ, విచారణ కోసం తాసిల్దారు వస్తున్నారని కబురొచ్చింది. మామ కాళ్లు నేల మీద నిలవలేదు. గోడలకు సున్నం వేయించాడు. గుమ్మానికి మామిడాకులు కట్టించాడు. మూలనున్న నాడెల గుట్టను ఎక్కడికి మార్చాలో తోచక దాని మీద పార్టీ జెండా కప్పాడు. నేను తలకు నూనె రాసుకొని, లగ్గానికి వేసుకుందామని దాచుకున్న చొక్కా వేసుకున్నాను.

తాసిల్దారు కోస్తా వైపు మనిషి, కళ్లద్దాల పెద్దాయన. కుర్చీలో ఆయన కూర్చున్నారు. అధ్యక్షుడూ, ప్రధాన కార్యదర్శీ నిలబడ్డాం. "మీ పార్టీ ఆశయమేమిటండీ?" అని అడిగారు. మామ రెండు చేతులూ ఊపుతూ పన్నుల భారం గురించి చెప్పాడు. నిజం చెప్పొద్దూ, బాగా చెప్పాడు. "సభ్యులెంతమంది?" అన్నారు. మామ "ఊరంతా సార్" అంటుండగానే వీధి మొదట్లో కేకలు వినబడ్డాయి.

"పన్ను తగ్గించాలె! పన్ను తగ్గించాలె!"

మామ కళ్లలో నీళ్లు తిరిగాయి. "గదిగో సార్, మా ప్రజలు. ఎవలు పిలవకుంటనే వస్తున్నరు" అన్నాడు. నాకైతే డోలూ సన్నాయీ వినబడ్డాయి. కేకలు దగ్గరపడ్డాయి. గుంపు ముందు మా బాపు ఉన్నాడు. ఆయన పక్కన మేం నాడెలు తెచ్చిన ఇళ్లవాళ్లంతా ఉన్నారు. గుమ్మం ముందుకు వచ్చాక కేక మారింది.

"అమాస పన్ను తగ్గించాలె! మా నాడెలు వాపసియ్యాలె!"

తాసిల్దారు కళ్లద్దాలు సవరించుకున్నారు. "నాడెలు వాపసు ఇవ్వడమేమిటండీ? పంచాయతీవారు నాడెలు జప్తు చేశారా?"

"పంచాయతోళ్లకు గంత ధైర్యం ఏడిది సార్?" అన్నాడు బాపు లోపలికి వస్తూ. "గా పని మా బామ్మర్ది చేసిండు. తెచ్చినోడు నా కొడుకు." మూలకు వెళ్లి జెండా పైకెత్తాడు. గుట్ట మీది నాడెలు రెండు దొర్లి తాసిల్దారు చెప్పుల దగ్గర ఆగాయి.

తాసిల్దారు నవ్వలేదు. అదే మరీ కష్టంగా అనిపించింది. "అయ్యా, మీరు పన్ను వేస్తున్నారు, వసూలు చేస్తున్నారు, కట్టనివారి సామాను జప్తు చేస్తున్నారు. నేను చేసే ఉద్యోగమూ ఇదేనండీ. నాకు జీతమిచ్చి పెట్టుకున్నారు, అంతే తేడా. మీకు మా గుర్తింపు ఎందుకు?" అన్నారు. లేచి నిలబడి, పోతే పోనీ అన్నట్టు ఇంకో మాట చెప్పారు. "అయినా గుర్తింపు దరఖాస్తుతో రాదండీ. ఎన్నికల్లో నిలబడాలి. తగినన్ని ఓట్లు రావాలి."

"ఓట్లా?" అన్నాడు మామ. ఇన్ని నెలల్లో ఆ మాట కేంద్ర కార్యాలయంలో వినబడటం అదే మొదలు. ఆయన గుమ్మంలోని గుంపును చూశాడు. తర్వాత నన్ను చూశాడు. నాకింకా ఓటు వయసు రాలేదు. లోపలి గది వైపు చూస్తే, అడక్కముందే మా అత్త "నాకేం తెల్వదు" అంది.

తాసిల్దారు జీపు కదిలాక మామ ఆ కుర్చీలో కూలబడ్డాడు. అప్పుడు మరదలు లోపలి నుంచి గంప తెచ్చింది. నాడెలన్నీ అందులోకి ఎత్తి, వీధిలోకి వెళ్లి, ఏది ఎవరిదో ఒక్కర్నీ అడగకుండా ఎవరిది వాళ్ల చేతిలో పెట్టింది. సాయంత్రానికి వాడంతా మగ్గాల చప్పుడు మొదలైంది. వాడంతా అంటే మామ మగ్గం తప్ప.

కోపాలు ఎన్నాళ్లుంటాయి? అమ్మ అటూ ఇటూ తిరిగి బావాబామ్మర్దులను కలిపింది. "పార్టీ పోయింది గని సుట్టరికం పోలే గదా" అన్నాడు బాపు. మామ కూడా దిగివచ్చి, గుర్తింపు సంగతి ఎత్తకుండానే సరే అన్నాడు. తాంబూలాలు పెట్టుకుందామని ఇరువైపుల పెద్దలూ కూర్చున్నారు. అప్పుడు మరదలు లోపలి నుంచి వచ్చి అందరి ముందూ నిలబడింది.

"బావ మంచోడే. నాకేం కోపం లేదు" అంది. "గని మా నాయిన చెప్పిండని సొంత బాపు నాడె తెచ్చినోడు, రేపు ఇంకెవలో చెప్తె నాది తీస్కపోడా? నాకు భయమైతది. వద్దు."

మామ గొంతు సవరించుకొని "ప్రజాభిప్రాయం" అన్నాడు. ముందు బాపు నవ్వాడు, తర్వాత అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికి వెళ్లి గోడ వైపు తిరిగి పడుకొని ఏడ్చాను. చాలా ఏడ్చాను. ఆమెను తిరుమలగిరి వాళ్లకు ఇచ్చారు. ఆ పెండ్లిలో అన్నం వడ్డించింది నేనే.

తర్వాత సర్కారు నాకు ఉద్యోగం ఇచ్చింది. ఎక్కడనుకున్నారు? మహబూబ్‌నగర్‌లో, పన్నుల ఆఫీసులో. పన్నుల తగ్గింపు పార్టీ ప్రధాన కార్యదర్శికి అంతకన్నా తగిన చోటు ఉండదు. అప్పుడప్పుడు బాకీలకు జప్తుకు వెళ్లాల్సి వచ్చేది. దర్జీ మిషనో, చిన్న దుకాణపువాడి తరాజో, పని చేసుకొనే సామాను ఏదైనా ముట్టుకోబోతే చాలు, "మీ బాపుదే తెచ్చినవా?" అన్న మరదలి గొంతు వినబడేది. చేయి వెనక్కి వచ్చేది. 'జప్తుకు తగిన వస్తువులు లేవు' అని రాసి ఆఫీసుకు తిరిగొచ్చేవాణ్ణి. వచ్చిన ప్రతి అధికారీ నన్ను చేతకానివాడన్నాడు. చేరినప్పుడు ఏ బల్ల దగ్గర కూర్చున్నానో, రిటైరైన రోజున ఆ బల్ల దగ్గర నుంచే లేచాను. నా తర్వాత చేరినవాళ్లంతా నా పైన కూర్చున్నారు.

ప్రమోషన్ రాలేదని మా ఆవిడ నన్ను ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది. ఎవరివల్ల రాలేదో మాత్రం ఆమెకు నేను ఇంతవరకూ చెప్పలేదు.