తీసెయ్ అన్న మాట

మొన్న పక్కింటి అమ్మాయి ఉద్యోగం ఇంటర్వ్యూకి చదువుకుంటూ, పీహెచ్‌పీలో యాక్షన్ క్లాస్ అంటే ఏంది బాబాయ్ అని వచ్చి అడిగింది. బటన్ నొక్కగానే సర్వర్‌కి వెళ్ళే ఒక్కో రిక్వెస్టునీ అందుకుని పని చేసిపెట్టడానికి విడివిడిగా ఒక్కో క్లాసు రాసుకోవడమేనమ్మా అని చెప్పి పంపించాను గానీ, ఆ పూటంతా నా మనసు మనసులో లేదు.

మీలో ఆ రోజుల్లో పీహెచ్‌పీ రాసినవాళ్ళుంటే గుర్తుండే ఉంటుంది, అన్ని పనులూ ఒకే ఫైల్లో కుక్కితే, ఒకచోట ముట్టుకున్నప్పుడల్లా ఇంకోచోట ఊడిపోయి మన ప్రాణం తీసేది. నరసరావుపేటలో మా మేనబావ, నేను కలిసి మిర్చి కోల్డ్ స్టోరేజీలకు సాఫ్ట్‌వేర్ చేసి ఇచ్చేవాళ్ళం. బేరాలు ఆయనవి, కోడు నాది. ఫ్రేమ్‌వర్కులు వచ్చాక ఆ కలగాపులగమంతా విడదీసి, పనికో క్లాసు చొప్పున మళ్ళీ రాశాను. పేర్ల దగ్గర నేను తటపటాయిస్తుంటే, "మన రైతు నోట ఏ మాటొస్తే అదే పెట్టరా, ఇంగ్లీషు ఎవుడిక్కావాలి" అన్నాడు బావ. లోపలున్న సరుకులో కొంత అమ్ముకోదలచిన రైతు కౌంటర్ దగ్గరకొచ్చి, నా టిక్కీలు కొన్ని తీసెయ్ అంటాడు. అంటే బస్తాలు బయటికి ఇప్పించమని. ఆ పని చేసే క్లాసుకి తీసెయ్ అనే పేరే పెట్టాం, ఇంగ్లీషు అక్షరాల్లో. ఎంత మురిసిపోయామో!

తరవాత బావ తన అల్లుణ్ణి హైదరాబాదు నుంచి తెచ్చి నా పక్కన కూర్చోబెట్టాడు. ఆ మహానుభావుడు తీసెయ్ అంటే చెరిపెయ్యడం అనుకుని, నాతో ఒక్క మాటైనా అనకుండా, ఆ బటన్ నొక్కితే రైతు లెక్కే చెరిగిపోయేలా లోపలి కోడంతా మార్చేశాడు. కొన్ని టిక్కీలు తీసుకెళ్ళిన ఎడ్లపాడు రైతు మిగతావాటి కోసం వచ్చేసరికి, కంప్యూటర్లో ఆయన పేరే లేదు. "నా సరుకు లోపల పెట్టుకుని లేదంటారేంది!" అని ఆయన అరిచిన అరుపుకి చానామంది పోగయ్యారు. వెతికితే సరుకు దొరికింది, మా పరువే పోయింది.

అందరి ముందూ బావ నావైపు తిరిగి, "ఇట్టాంటి పేర్లు పెడితే ఎవుడికి అర్థమవుద్దిరా?" అన్నాడు. పెట్టమన్నది తనే! అల్లుడి ముఖం చూసి ఆ సంగతి మింగేశాడు. మర్నాటి నుంచి నేను ఆ ఆఫీసు గడప తొక్కలేదు, రమ్మని ఆయనా కబురు పెట్టలేదు. పెళ్ళిళ్ళలో ఎదురుపడితే ఒంట్లో ఎట్టా ఉందిరా అంటాడు, బాగానే ఉంది అంటాను, అంతే.

ఇప్పుడు ఏ కోల్డ్ స్టోరేజీకి వెళ్ళినా తెరమీద రిలీజ్ అనే ఉంటోంది, రైతులు కూడా రిలీజ్ చెయ్యండి సార్ అంటున్నారు. పొరపాటుకు తావు లేదు, మంచిదే. కానీ మన మాటతో కంప్యూటర్ చేత పని చేయిస్తున్నామని బావ, నేను పక్కపక్కన కూర్చుని నవ్వుకున్న సాయంత్రాలున్నాయే, వాటిని కూడా నాకు మిగలనివ్వలేదు ఆయన. ఆ నవ్వులో తన వంతు నిజమేనా అని ఈ వయసులో నాకు అనుమానం పట్టుకుంది.