చెన్ గారి చూపుడు వేలు

2009 ఫిబ్రవరిలో నేను అమెరికాలో, అరోరా దగ్గర ఒక రిహాబ్ సెంటర్‌లో సీనియర్ స్పీచ్ థెరపిస్ట్‌ని. పేరుకి స్పీచ్ గానీ, స్ట్రోక్ వల్ల చదవడం పోయినవాళ్ళనీ మాకే అప్పగించేవారు. అలా వచ్చారు చెన్ గారు, డెబ్బై దాటిన లెక్కల మాస్టారు. మాట బాగుంది, రాత బాగుంది. కానీ తను రాసిన చైనీస్ అక్షరాన్ని మరునిమిషం తనే చదవలేరు. తైపేలో ఉన్న అక్క ఉత్తరాలు తనే చదువుకోవాలని ఆయన పట్టు. కూతురు లిలియన్ చదివిపెడతానంటే, "మా అక్క రాసింది నాకు, నీకు కాదు" అని కసిరేవారట.

శుక్రవారంలోగా ప్రోగ్రెస్ కనిపించకపోతే ఇన్సూరెన్స్ వాళ్ళు థెరపీ ఆపేస్తారు.

టెస్ట్ సులువే. చైనీస్ మాట రాసిన కార్డు చూపిస్తే, నాలుగు బొమ్మల్లో సరైనది చూపించాలి. బొమ్మ చూపించేదాకా చేతులు బల్లమీద కదలకూడదు. రూలంటే రూలే అనే మనిషిని నేను. ఆయన కుడి చూపుడు వేలు అదేపనిగా కదులుతుంటే, కంగారు కాబోలనుకుని, మూడు రోజులూ ఆ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. పైగా ధైర్యం చెబుతున్నాననుకున్నాను కూడా! ఆ మూడు రోజులూ ఆయన చూపించినవన్నీ గుడ్డిగా చూపించినవే.

గురువారం లిలియన్ వచ్చి పక్కన కూర్చుంది. రెండు కార్డులదాకా ఊరుకుంది. మూడోదానికి, "ఆ చెయ్యి వదలండి ప్లీజ్, నాన్న రాస్తున్నారు" అంది. అక్షరం గుర్తురాకపోతే తామంతా గాల్లోనో అరచేతిలోనో వేలితో రాసి చూసుకుంటామని, ఏ గీత తర్వాత ఏ గీతో చిన్నప్పుడే చేతికి పట్టుబడిపోతుందని చెప్పింది.

నాకు తల కొట్టేసినట్టయింది. పలకమీద దిద్దిదిద్ది అక్షరాలు నేర్చినదాన్ని, ఆమాత్రం తట్టొద్దూ?

చెయ్యి వదిలాను. ఆయన కార్డుమీది గీతల్ని ఒక్కొక్కటే వేలితో దిద్దుకుంటూ వెళ్ళారు. చివరి గీత దగ్గర ఆగి, నవ్వి, టీ కప్పు బొమ్మ చూపించారు. అబ్బ, ఏం చదువండీ అది! ఆ పూట ఇరవై కార్డుల్లో పద్నాలుగు చదివారు.

రిపోర్టులో రెండు స్కోర్లూ వేశాను, చెయ్యి పట్టుకున్నప్పటిదీ వదిలినప్పటిదీ. మొదటిది నా పొరపాటని కూడా రాశాను. సూపర్‌వైజర్ ఆ వాక్యం తీసేయమన్నారు, నేను తీయలేదు. థెరపీ ఇంకో ఆరు వారాలు పొడిగించారు. ఏప్రిల్‌లో ఆయన నా ఎదుటే అక్క ఉత్తరం విప్పారు. మొదటి పేజీకే ముప్పావు గంట పట్టింది, కానీ తనే చదువుకున్నారు. అందులో ఏముందో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా, ఎవరి ఫైల్లోనైనా "చదవలేరు" అని రాసేముందు నా చేతులెక్కడున్నాయో చూసుకునేదాన్ని.