దీవెన కుడిచెయ్యి

2004 ఫిబ్రవరి 9, సోమవారం, ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు భద్రాచలం దగ్గర గోదావరిలో నా మనవరాలు దీవెన పడవ ఒరిగింది. రేవు మెట్ల మీద గడియారం చేతబట్టుకుని దాని వేగం చూస్తున్నది నేనే కనుక వేళ ఇంత కచ్చితంగా రాయగలుగుతున్నాను. సహోదరులారా, సాక్ష్యం చెప్పేవాళ్లు చీకటితో మొదలుపెడతారు. నాది మంచి ఎండలో మొదలైంది.

అప్పటికి దీవెనకు పదిహేడేళ్లు. దాని తల్లిదండ్రులు జూలూరుపాడులో పత్తి చేను చూసుకుంటుంటే, చదువు కోసం నా దగ్గర ఉండేది. చిన్నప్పటి నుంచి దోనె నడిపిన పిల్ల అని గమనించి పడవ పందేల కోచ్ ఒకాయన దానికి కయాక్ నేర్పించారు. అది ఒక్కరే కూర్చునే సన్నని పందెం పడవ, తెడ్డుకు రెండు కొసలా రెక్కలుంటాయి. మరుసటి నెలలో రాష్ట్ర జట్టుకు ఎంపిక ఉంది. ఆ ఉదయం పడవ ఒరిగితే ఆపుకోవడానికి తెడ్డును నీళ్లకు అదిమింది, నీటి వడి తెడ్డును లాక్కుపోయింది, దానితో పాటు కుడిచెయ్యి తల వెనక్కి పోయి భుజం కీలు జారింది. మార్చి 6న హైదరాబాదులో ఆపరేషన్ చేసి, కీలు చుట్టూ చిరిగిన పొరను కుట్టారు.

ఆ తరువాత ఖమ్మంలో ఫిజియోథెరపీ. వారానికి రెండుసార్లు తొలి బస్సుకు వెళ్లి చీకటి పడ్డాక వచ్చేవాళ్లం. ముందుకు వంగి చేతిని గడియారం లోలకంలా ఊపడం, బల్ల మీద గుడ్డ పెట్టి తుడిచినట్టు మెల్లగా జరపడం, మొదట్లో అంతే. ఆ వైద్యం చేసే అబ్బాయి మెత్తగానే మాట్లాడేవాడు గాని అన్న మాట మీద నిలబడేవాడు.

"అమ్మమ్మా, కుట్లు లోపలున్నయ్, మనకు కనపడవు. నేను చెప్పేదాక చెయ్యి భుజం దాటి లేవొద్దు. కలల గూడ లేవొద్దు."

"కలల సంగతి నాకెర్కలే సార్, మీరే వచ్చి పట్టుకోవాలె" అంది దీవెన.

ఒళ్లు దగ్గర పెట్టుకుని చేస్తే ఏడాదికి మళ్లీ పడవ ఎక్కవచ్చని అతను చెప్పాడు. ఆ ఒక్క మాట పట్టుకుని ఇద్దరం రోజులు గడిపాం. దాని జడ రోజూ నేనే వేసేదాన్ని.

ఏప్రిల్ 11, ఈస్టర్ ఆదివారం. మన సంఘంలో ఒక అలవాటుంది. యుద్ధ వేళ ఎత్తిన మోషే చేతులు బరువెక్కినప్పుడు అహరోను, హూరు చెరొక పక్క నిలబడి ఎత్తి పట్టుకున్నట్టు, రోగి కోసం ప్రార్థన చేసేటప్పుడు ఇద్దరు చెరొక చెయ్యి పట్టి పైకెత్తుతారు. జ్వరపడి లేచినవాళ్లకు, ముసలివాళ్లకు అది గొప్ప ఆదరణ. నా భర్త చనిపోయిన వారంలో నాకూ అలాగే పట్టుకున్నారు, ఆ చేతుల వెచ్చదనం ఈ రోజుకీ మరచిపోలేదు. కాని భుజం కుట్టించుకున్న పిల్లకు అది చేయకూడదని మాత్రం మనలో ఎవరికీ తట్టలేదు.

నేను వెనుక గదిలో ప్రభువు బల్లకు రొట్టె సిద్ధం చేస్తున్నాను. పాట హోరెత్తుతోంది. ముందు వరుసలో మా వీధి ఏస్తేరు దీవెన కుడిచెయ్యి పట్టుకుందట, ఇంకొక సహోదరి ఎడమచెయ్యి.

"పెద్దమ్మా, వద్దు. డాక్టరు ఎత్తొద్దన్నడు" అందట దీవెన.

"ఏంది పోరీ, దేవునికంటే పెద్దోడా నీ డాక్టరు?"

నేను రొట్టె పళ్లెంతో బయటికి వచ్చేసరికి రెండు చేతులూ పైకి ఉన్నాయి. పిల్ల ఏడుస్తోంది. ఆత్మ తాకిందనుకుని సంఘమంతా చప్పట్లు కొడుతోంది.

తరువాత స్కానింగ్‌లో కుట్లు తెగినట్టు తేలింది. ఇంకొకసారి కోసి కుట్టవచ్చు గాని పందెంలో తెడ్డు వేసే భుజం మాత్రం రాదని డాక్టరు చెప్పారు. దీవెన మళ్లీ కత్తి వద్దంది. ఇది ఇలా ఉండగా, మే నెల మన సంఘ పత్రికలో, చెయ్యెత్తలేని యువతి ఈస్టర్ నాడు రెండు చేతులెత్తి స్తుతించిందని అచ్చు వేశారు. పాస్టరు గారి దగ్గరికి వెళ్లి అడిగాను.

"అమ్మా, చెయ్యి లేచిన మాట నిజమే గద" అన్నారు.

నిజమే, లేచింది. ఆ రోజు ఇంటికి వచ్చి నేను చేసిన ప్రార్థన ఇది: "ప్రభువా, వాళ్లు నీ పేరు చెప్పి ఎత్తారు. నువ్వు ఎందుకు దించలేదు?"

ఖమ్మం ప్రయాణాలు మళ్లీ మొదటి నుంచి. ఈసారి కీలు జారకుండా చుట్టూ ఉన్న కండరాలను గట్టిపరచాలి. రబ్బరు పట్టీ ఒక కొస ఎవరైనా పట్టుకుంటే, రెండో కొస పట్టుకుని మోచెయ్యి నడుముకు ఆనించి, పక్కకు లాగాలి. జూన్‌లో ఒక సాయంత్రం ఏస్తేరు వచ్చి గుమ్మంలో నిలబడింది.

"వదినా, ఆ పట్టీ నేను పట్టుకుంట."

"నీ చేతుల సాయం చాలు తల్లీ. కిటికీ చువ్వకు కట్టుకుంటది" అన్నాను.

"కిటికీ ముచ్చట్లు చెప్పదు గద అమ్మమ్మా, రానియ్యి" అంది దీవెన.

రానిచ్చాను. ఆ వానాకాలమంతా ఏస్తేరు వచ్చి పట్టీ పట్టుకుంది. క్షమించమని ఆమె అడగలేదు, క్షమించానని నేను చెప్పలేదు. ఎదురుగా కుర్చీ వేసుకుని ఆమె చేతులు చూస్తూ కూర్చునేదాన్ని.

నవంబరు 23, మంగళవారం, ఉదయం దువ్వెన పట్టుకుని దీవెన కోసం లోపలికి వెళ్లాను. అద్దం ముందు, కుడిచెయ్యి తల వెనక పెట్టుకుని, పళ్లు బిగబట్టి, జడ తానే అల్లుకుంటోంది. పాయలు సమంగా లేవు, రిబ్బను ఒక పక్కకు జారిపోయింది. ఎవరూ పాట పాడలేదు, ఎవరూ చెయ్యి పట్టుకోలేదు. దేవుడు మా ఇంటికి వచ్చింది ఈస్టర్ నాడు కాదు, ఆ ఉదయం. మహిమ ఆయనకు చెల్లాలి గాని మన చప్పట్లకు కాదు.

అందుకని ఆ మే నెల మాట దిద్దమని ఇది రాసి ఇస్తున్నాను. నొప్పితో ఉన్నవాళ్లు ఎవరైనా నిస్పృహ పడవద్దు, ఆయనను నమ్మండి, చికిత్స మానవద్దు. చెయ్యి లేవకపోతే లేవనక్కరలేదు. మా ఇంటికి రండి, చేతులు ఒడిలో పెట్టుకుని ప్రార్థిద్దాం. ఆయనకు అక్కడి నుంచీ వినిపిస్తుంది.

పోయినవి ఇవి: రాష్ట్ర జట్టులో దీవెనకు రావలసిన చోటు, ఇప్పుడు ఇంకొక పిల్ల ఎక్కుతున్న పడవ, మొత్తంగా తొమ్మిదిన్నర నెలలు, కుడి భుజంలో మళ్లీ ఎన్నటికీ రాని బలం, ఏస్తేరుతో ఇరవై ఏళ్ల నా స్నేహం, ప్రార్థనలో కళ్లు మూసుకునే నా అలవాటు.